సుఖాంతం అంత చులకనా?

తెలుగులో ఒక పుస్తకాన్ని చంపదలచుకున్నవారు దాన్ని చదవనవసరం లేదు, విమర్శించనవసరమూ లేదు. "ఆఁ, ప్రేమ నవలేగా" అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాటతో రచయిత్రి, పాఠకురాలు, ఆమె చదివిన మూడు వందల పేజీలు అన్నీ కలిపి చెత్తబుట్టలో పడతాయి. ఈ మాట అనేవారిలో నేను గౌరవించే విజ్ఞులు చాలామంది ఉన్నారు. వారిమీద గౌరవం ఉంచుకునే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. కొంచెం ఘాటుగా ఉంటే కర్నూలు మిరపకాయది తప్పనుకుని క్షమించగలరు.

వారి అభియోగాలు మూడు. మొదటిది, ఇవి పగటికలలు అమ్ముతాయని. రెండవది, అన్నీ ఒకే మూసలో పోసినవని. మూడవది, అన్నిటికన్న పెద్ద నేరం, చివరికి ఇద్దరూ కలుస్తారని ముందే తెలిసిపోతుందని.

మూడవదానితోనే మొదలుపెడతాను. సీత తిరిగి వస్తుందని తెలియక ఎవరైనా తోలుబొమ్మలాటకు తెల్లవార్లూ కూర్చున్నారా? రుక్మిణీ కల్యాణం హరికథకు వెళ్ళేవారు రుక్మిణి ఎవరిని పెళ్ళాడుతుందోనన్న ఉత్కంఠతో వెళ్తారా? కథ ముగింపు తెలిసినప్పుడు మన దృష్టి "ఏమవుతుంది" నుంచి "ఎలా అవుతుంది" మీదికి మళ్ళుతుంది. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘంవారు తమ ప్రక్రియను నిర్వచించుకున్నప్పుడు రెండే షరతులు పెట్టుకున్నారు: కథకు కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చేదిగా, ఆశ మిగిల్చేదిగా ఉండాలి. మిగిలిన మైదానమంతా రచయితదే. కందపద్యానికి గణనియమం ఉందని కవిని మూసవాడని అనం గదా? నియమంలో ఒదిగి ఏం చేశాడో చూస్తాం. ఆ మర్యాద ప్రేమ నవలకు మాత్రం ఎందుకు లేదు?

నా అనుమానం ఒకటే. అవి చదివేది ఆడవాళ్ళు గనుక.

1960, 70 దశకాల్లో తెలుగు నవలా రాజ్యం రచయిత్రులదే. కోడూరి కౌసల్యాదేవి "చక్రభ్రమణం" 1964లో "డాక్టర్ చక్రవర్తి" చిత్రమైంది, ఆమె "ప్రేమ్‌నగర్" 1971లో తెరకెక్కింది. యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ" 1960ల నడుమ "జ్యోతి" మాసపత్రికలో ధారావాహికగా వచ్చి, 1976లో సినిమా అయ్యేనాటికి ఇంటింటి పేరైంది. కొందరు మగ రచయితలు ఆడ పేర్లు తగిలించుకుని రాసిన రోజులవి. 2018 మే నెలలో యద్దనపూడి కన్నుమూసినప్పుడు సంతాపవాక్యాలకు కొదవ లేదు. కాని ఆ సంతాపాల్లో సగం, "మా అమ్మ చదివేది", "మా అక్క చదివేది" అనే వాక్యంతోనే మొదలయ్యాయి. "నేను చదివాను" అనడానికి చనిపోయాక కూడా మనకు నామోషీయే!

మా కోడుమూరు సంగతి చెబుతాను. హంద్రీ ఒడ్డున, కర్నూలు నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఉన్న ఊరు. చుట్టూ ఉల్లి, వేరుశనగ, పత్తి. వాన మొహం చాటేసిన ఏడు పడమటి పల్లెలకు పల్లెలే సుగ్గికి వలసపోయే ప్రాంతం. ఇటువంటి చోట కూడా నా చిన్నతనంలో వారపత్రికల నుంచి చింపి, సూదీ దారంతో కుట్టి, అట్టముక్క అంటించిన సీరియల్ పుస్తకాలు ఇంటింటికీ తిరిగేవి. రాట్నం ముందు కండెలు చుట్టే చేతులు, శనగకాయలు వలిచే చేతులు ఆ పుటల్ని తిప్పేవి. చదువురాని వాళ్ళకు చదువొచ్చిన పిల్ల చదివి వినిపించేది. పగటికలల మాట తెచ్చేవారికి మా వీధిలోని ఒక పెద్దామె చెప్పిన మాట అప్పజెబుతాను. "హీరో కారు చూసి మురిసిపోతారంటగా మీరంతా" అని ఎవరో ఎగతాళి చేస్తే ఆమె అన్నది: "కారు గీరు కాదు నాయనా, వాడు తలకాయ దించినాడా లేదా, అదీ సూడాల."

ప్రేమ నవల మీద ఇంతకుమించిన విమర్శసూత్రం నేనెక్కడా చదవలేదు. 1984లో జానిస్ రాడ్వే అనే అమెరికన్ పరిశోధకురాలు, స్మిత్‌టన్ అని మారుపేరు పెట్టిన ఒక పట్టణంలో రొమాన్సు పాఠకురాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడి పుస్తకం రాసింది. వాళ్ళు చెప్పినదాని సారాంశం రెండు ముక్కలు: చదువుతున్నంత సేపూ ఆ సమయం మాది, మరొకరిది కాదు, ఇక కథలో మాకు కావలసింది, అందరినీ కనిపెట్టుకుని ఉండే ఆడదాన్ని కనిపెట్టుకునే మనిషి ఒకడు. స్మిత్‌టన్‌కూ కోడుమూరుకూ మధ్య సముద్రాలున్నాయి. అడిగింది మాత్రం ఒకటే.

కాబట్టి తృప్తినిచ్చే ప్రేమ నవలకు నా లెక్కలో మూడు పరీక్షలు.

ఒకటి, నాయికకు ప్రేమ కాక మరొకటి ఉండాలి. అది ఉద్యోగమో, పంతమో, పరువో, తాను పోషించవలసిన ఇల్లో కావచ్చు. "సెక్రటరీ"లో జయంతిని పాఠకులు గుండెలకు హత్తుకున్నది ఆమె రాజశేఖరానికి దక్కినందుకు కాదు, తేలిగ్గా దక్కనందుకు. ఆత్మాభిమానం అనే పదాన్ని ఒక తరం ఆడపిల్లలు ఆ నవలల్లోనే నేర్చుకున్నారు. ఒప్పుకోవడానికి విలువ రావాలంటే కాదనే శక్తి ముందు ఉండాలి.

రెండు, నాయకుడు మారాలి. మా పెద్దామె చెప్పిన తలకాయ దించడం ఇదే. మోకాళ్ళమీద పడి ఏడవమని కాదు. తన లోకంలో తానే నడిబొడ్డు అనుకున్నవాడికి, పక్కన ఇంకొక లోకం ఉన్నదని తెలిసిరావాలి. యండమూరి "వెన్నెల్లో ఆడపిల్ల"నే తీసుకోండి. అందులో సుఖాంతం లేదు, రమ్య చనిపోతుంది. అయినా ఆ నవలను ప్రేమించినవారి సంఖ్య తక్కువేమీ కాదు. ఎందుకు? ఆటకు నియమాలు పెట్టింది రమ్య. చదరంగంలో ఆరితేరిన రేవంత్ ఆమె ఫోను నంబరు కోసం చిక్కుప్రశ్నల వెంట పరుగెత్తాడు. ప్రేమను తెలివితో, ఓపికతో సంపాదించుకోవలసి వచ్చింది. తృప్తి అక్కడుంది.

మూడు, అడ్డంకి నిజమైనది కావాలి. ఇప్పటి నవలల మీద నా అసలు కోపం ఇక్కడే.

ఈనాడు ప్రేమకథ అట్ట విడిచి ఫోనులోకి వెళ్ళింది. రోజుకొక భాగంగా వందల భాగాలు సాగుతుంది. చదివేవారు వెనకటికన్న తగ్గారని నేననుకోను, సంతోషమే. కాని తరచుగా కనబడే కథ ఏమిటి? నాయకుడు కోటీశ్వరుడు, అహంకారి, నాయిక చెయ్యి మెలిపెడతాడు, బలవంతంగా తాళి కడతాడు. ఆమె ఎనభై భాగాలు ఏడ్చి, ఎనభై ఒకటో భాగంలో అతని జ్వరానికి తడిగుడ్డ వేస్తూ ప్రేమలో పడుతుంది. ఎక్కడయ్యా తల దించింది? దించింది ఆమే! ఇది ప్రేమ నవల కాదు, లొంగదీసుకోవడానికి ప్రేమ అని పేరు పెట్టడం. ఇక రెండవ రకం, అపార్థాల కథ. అతణ్ణి ఇంకొకతెతో హోటల్లో చూసింది, ఆమె అతని చెల్లెలని అడిగితే ఒక్క ముక్కలో తెలిసేది. అడగదు. అడిగితే నవల అయిపోతుంది గనుక అడగదు. ఒక్క వాక్యంతో కూలిపోయే గోడను అడ్డంకి అంటే పాఠకురాలి తెలివిని అవమానించడమే.

మరి నిజమైన గోడ ఏది? మనందరికీ తెలుసు. ఎవరూ రాయరు. కులం.

మన స్వర్ణయుగపు ప్రేమ నవలలు మళ్ళీ తిరగేయండి. డబ్బు గోడ ఉంటుంది, పట్నం పల్లె గోడ ఉంటుంది, తల్లి అహంకారపు గోడ ఉంటుంది. యద్దనపూడి "మీనా" ఎంతో చక్కని నవల. కాని అక్కడి నాయకుడు వరసైన బావ. మేనరికం అనగానే కులం సమస్య పుట్టకముందే తీరిపోతుంది! చాలా నవలల్లో నాయికానాయకుల ఇంటిపేర్లు కూడా కనబడవు. కనబడితే మనం లెక్కగట్టేస్తామని భయం. ఆ మౌనాన్ని ఆనాటి రచయిత్రుల నేరంగా నేను చూడను. వారపత్రికల కాలం, సకుటుంబంగా చదివే సీరియల్. వారు తమ గదిలో ఉన్నంత మేర కిటికీలు తెరిచారు. ఈ కాలంవారికి ఆ నెపం కూడా లేదు.

మా సీమ రచయితలకు ఇంకొక మాట. కరవు రాశాం, కక్షలు రాశాం, వలస రాశాం, రాయవలసిందే. "శప్తభూమి", "కొండపొలం" వంటి నవలలు వచ్చిన నేల అని గర్వంగానే చెప్పుకుంటాను. కాని సీమవాడికి ప్రేమ ఉండదని ఎవరు తీర్మానించారు? 2021లో "కొండపొలం" సినిమాగా వచ్చినప్పుడు నవలలో లేని ఓబులమ్మను తెచ్చి కథానాయికగా నిలబెట్టారు. అది వ్యాపారమని కొట్టిపారేయవచ్చు. నాకు మాత్రం మన సాహిత్యం ఖాళీగా వదిలిన కుర్చీ ఒకటి కనబడింది. ఎండిన బావి గురించి నూరు కథలున్న సీమలో, ఆ బావి గట్టున ఒకరికోసం ఒకరు ఎదురుచూసినవారి నవల ఏది?

"ప్రేమకథ మా వాస్తవం కాదు" అంటారు. 2020 డిసెంబరు 31న, మాకు అంత దూరం కాని ఆదోనిలో, వేరే కులపు అమ్మాయిని పెళ్ళాడిన ఒక దళిత యువకుణ్ణి పట్టపగలు చంపేశారు. పెళ్ళయి రెండు నెలలు నిండలేదు. అంతకు రెండేళ్ళ ముందు, 2018 సెప్టెంబరులో, మిర్యాలగూడ. ఇవి ప్రేమకథలు కావా? విషాదాంతాలు రాసే పనిని మన సమాజం ఏనాడో తన చేతుల్లోకి తీసుకుంది, కత్తితో రాస్తున్నది. అటువంటి చోట, "సుఖాంతం చవకబారు" అని పెదవి విరిచే పెద్దలను చూస్తే నాకు నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది. రెండు కులాల ఇద్దరు మనుషులు చివరి పేజీ దాటి బతికి ఉండటం మా జిల్లాలో పలాయనం కాదండీ, అదొక డిమాండు.

ఉత్కంఠ చాలదంటారా? 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం తెరిచి చూడండి. ఇద్దరిలో ఒకరైనా ముప్ఫై రోజులు ఆ జిల్లాలో నివాసముండాలి. అధికారికి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును అందరికీ కనబడేలా కార్యాలయంలో అంటిస్తారు. ముప్ఫై రోజులపాటు అభ్యంతరాలకు గడువు. ఆ పైన ముగ్గురు సాక్షులు కావాలి. నవలాకారులారా, ఇంతకన్న ఏం కావాలి మీకు? గోడమీద మన పేర్లు వేలాడుతున్న ముప్ఫై రోజులు! ఏ గుమాస్తా ఎవరికి ఫోను చేస్తాడో, ఏ మేనమామ ఏ పనిమీద ఆ కార్యాలయానికి వస్తాడో! ముగ్గురు సాక్షులుగా నిలబడే స్నేహితులెవరు, ఆఖరి క్షణంలో ముఖం చాటేసేదెవరు? ఇటువంటి జంటలకు జిల్లాల్లో రక్షణ గృహాల ఏర్పాటు గురించి ఆలోచించమని 2018 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఆ గృహంలో గడిచే మొదటి రాత్రి రాయండి. ప్రేమ ఒక ఎత్తయితే, ఆ భయంలో ఒకరి చిరాకులు ఒకరు భరించడం ఇంకొక ఎత్తు. కోటీశ్వరుడి కారు ఎక్కడ, ఇది ఎక్కడ?

ఇలా రాస్తే సమస్యా నవల అవుతుంది గాని ప్రేమ నవల కాదని ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. కాదు. కులం మీద ఉపన్యాసం రాయమనడం లేదు నేను. ఇద్దరి మధ్య నవ్వు, అలక, మొదటిసారి పేరు పెట్టి పిలిచిన తడబాటు, ఇవన్నీ నిండుగా ఉండాలి. లేకపోతే గోడ ఎంత ఎత్తుగా ఉన్నా దాన్ని దూకాలని పాఠకురాలికి ఎందుకనిపిస్తుంది? గోడ నిజమైనదైనప్పుడు ఆ నవ్వుకు విలువ పెరుగుతుంది, అంతే. చివరికి వాళ్ళు అద్దె ఇంట్లో పాలు పొంగించుకుంటారని నాకు ముందే తెలిసినా ఫరవాలేదు. ఎలా చేరారో చెప్పండి, తెల్లవార్లూ కూర్చుని చదువుతాను.

అలా చేరినవారు లేరా? ఉన్నారు. మన ఊళ్ళలోనే, మన వీధుల్లోనే, పిల్లల్ని బడికి పంపుకుంటూ, పండక్కి పుట్టింటి పిలుపు ఈ ఏడైనా వస్తుందా అని చూస్తూ ఉన్నారు. హత్య జరిగితే పత్రికలో వార్త. బతికి ఉంటే వార్త కాదు. వార్త కానిదాన్ని రాయడానికే గదా నవల అనేది పుట్టింది?

కాబట్టి విజ్ఞులకు నా విన్నపం: ప్రేమ నవలను తిట్టదలిస్తే సుఖాంతం ఉన్నందుకు తిట్టకండి. ఆ సుఖం ఏ మూల్యం చెల్లించకుండా వచ్చినందుకు తిట్టండి, నేనూ మీతో గొంతు కలుపుతాను. రాసేవారికి నా విన్నపం: అతగాడి తల వంచండి, ఆమెకు ఒక లోకం ఇవ్వండి, గోడకు దాని అసలు పేరు పెట్టండి. ఆ తరువాత ఇద్దరినీ బతకనివ్వండి.