తొలి మెట్టు ఎవరు వేయుదురు?

మొన్న సంక్రాంతికి హైదరాబాదునుండి బరంపురము వచ్చిన మనవాడొకడు ఒక సాయంకాలము మా దుకాణమున కూర్చుండి రెండు గంటలసేపు మాటలాడినాడు. పదునారేండ్లుగా సాఫ్ట్‌వేరు వృత్తిలో నున్నవాడు. పేరు వ్రాయవద్దని కోరినాడు గనుక వ్రాయుటలేదు. ఆతడు చెప్పిన సంగతులు మన సంఘమునందలి ప్రతి యింటికిని సంబంధించినవిగా తోచి, కుళాయి నీళ్లను గూర్చి వ్రాయదలచిన సంపాదకీయమును ప్రక్కనబెట్టి దీనిని వ్రాయుచున్నాము. వచ్చువారములోగా కుళాయిలు బాగుపడునన్న భయము లేదు గనుక ఆ వ్యాసము వేచియుండగలదు.

ఏడాదిగా మమ్ములను తఱచుగా నడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. "పిల్లవానిని కంప్యూటరు చదువునకు పంపవచ్చునా? యంత్రమే ప్రోగ్రాములు వ్రాసివేయుచున్నదట గదా!" అడుగువారు వేడుకకు అడుగుటలేదు. ఒకరు బ్యాంకులో అప్పు తీయవలెను. ఇంకొకరు పెద్దలిచ్చిన యింటిస్థలమును అమ్మవలెను. ఔననుటకును కాదనుటకును మాకు ధైర్యము చాలక ఇంతవరకు నోరు మెదపక ఊరకుంటిమి.

ఈ ప్రశ్న ఇతరులకన్న మనకెక్కువ బరువైనది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడు వరకు ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలోనిది. తరువాత 1954లో ఒడియా అధికారభాషా చట్టము వచ్చినది. రాష్ట్రప్రభుత్వ కొలువునకు రాష్ట్రభాష తెలియవలెననుట న్యాయమే. మన పిల్లలు నేర్చుకొనిరి, నేర్చుకొనుచున్నారు. అయినను ఇంటిలో ఒక భాష, వీధిలో ఒక భాష, పరీక్షలో మూడవ భాషగా పెరిగిన పిల్లవానికి పోటీలో ఒక అడుగు వెనుకబాటు తప్పలేదు. సాఫ్ట్‌వేరు వృత్తి ఆ లోటును పూడ్చినది. నీ తల్లిభాష ఏదని అడుగని కొలువు అది. పాలూరు కొండలవద్ద 1996లో నెలకొన్న ఎన్.ఐ.ఎస్.టి.నుండియు, సీతలాపల్లిలో 2009లో ఆరంభమైన పర్లా మహారాజా ఇంజనీరింగు కళాశాలనుండియు మన పిల్లలు విశాఖకు, హైదరాబాదుకు, బెంగుళూరుకు పోయినారు. వారు పంపిన సొమ్ముతోనే మన వీధులలో సగము మేడలు లేచినవి. ఆ దారి మూసుకొనిపోవునా అన్నదే ప్రశ్న.

యంత్రము ప్రోగ్రాములు వ్రాయుచున్నమాట నిజమే. 2021 జూనులో మైక్రోసాఫ్టువారి గిట్‌హబ్ కోపైలట్ పరీక్షార్థము బయటికి వచ్చినది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చినది. అటుపిమ్మట వచ్చినవి మామూలు మాటలలో చెప్పిన పనిని తామే కోడుగా, అనగా యంత్రమున కిచ్చు ఆజ్ఞలుగా వ్రాసి, నడిపి చూచి, తప్పులు దిద్దుకొనుచున్నవి. తమ సంస్థలోని కొన్ని ప్రాజెక్టుల కోడులో 20, 30 శాతము వరకు సాఫ్ట్‌వేరే వ్రాసియుండవచ్చునని మైక్రోసాఫ్టు అధిపతియు, హైదరాబాదున జన్మించినవాడునగు సత్య నాదెళ్ల 2025 ఏప్రిల్‌లో చెప్పినాడు. ఈ శాస్త్రము మనకు పరాయిది కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన డాక్టరు దబ్బల రాజగోపాల రెడ్డి, లోకమునకు రాజ్ రెడ్డి, యంత్రములకు మాట వినుట నేర్పిన తొలితరము పరిశోధకులలో ఒకరు. కృత్రిమ మేధకై చేసిన కృషికి 1994లో ట్యూరింగు పురస్కారము నందుకొన్నారు. అయినను తండ్రికి కావలసినది గర్వము కాదు, జవాబు.

మనవాడు చెప్పిన జవాబును వీలైనంతవరకు ఆతని మాటలలోనే చెప్పెదము. ఆ పరికరమును ప్రతిదినము వాడుచున్నాడట, మానుకొనుమన్నచో మానుకొనడట. ఎవరో పదేండ్లక్రిందట వ్రాసి వెళ్లిపోయిన కోడును చదివి అర్థము చెప్పుటలోను, పరీక్షలు వ్రాయుటలోను, తనకు పరిచయములేని ప్రోగ్రామింగు భాషలో పని గడుపుకొనుటలోను దానికి సాటిలేదట. రెండు దినముల పని ఒక పూటలో ముగిసిన సందర్భములు పెక్కు కలవట. "కాని మావయ్యగారూ, దానికి తెలియదు అనే మాట నోట రాదు. తప్పు చెప్పేటప్పుడూ అదే ధీమా, ఒప్పు చెప్పేటప్పుడూ అదే ధీమా. నేను ఎదురడిగితే మీరన్నదే నిజం అంటుంది. అటువంటి గుమాస్తాను మీరు కొట్లో ఉంచుకుంటారా?" అని మమ్ములనే అడిగినాడు. ఉంచుకొందుము గాని తాళపుచెవులు ఇయ్యమని చెప్పితిమి.

తాళపుచెవులు ఇచ్చినవారి కథ ఒకటి 2025 జూలైలో లోకమంతయు విన్నది. అమెరికాలో ఒక వ్యాపారి రెప్లిట్ అను సంస్థవారి ఎ.ఐ. పరికరముతో తన వ్యాపారమునకు ప్రోగ్రాము వ్రాయించుకొనుచుండెను. ఏమియు మార్చవద్దని ఆజ్ఞాపించియున్నను, అది ఆతని అసలు వివరములున్న నిల్వను తుడిచివేసినది. పైగా పోయినవానిని తిరిగి రప్పించుట సాధ్యము కాదని చెప్పినది. ఆ మాటయు తప్పే. వివరములు తిరిగి వచ్చినవి. సంస్థాధిపతి బహిరంగముగా క్షమాపణ చెప్పినాడు. మన వర్తకులలో చిట్టాయు ఆవర్జాయు ఇనుపపెట్టెలో బెట్టి తాళము వేసికొన్న తాతలను చూచి నవ్వినవారు ఈ కథ చదువవలెను.

ఇంకొక సంగతి మాకు మరింత ఆశ్చర్యము గొలిపినది. ఎం.ఇ.టి.ఆర్. అను అమెరికా పరిశోధన సంస్థవారు 2025 ప్రథమార్ధమున 16 మంది అనుభవజ్ఞులకు, వారికి ఏండ్లతరబడి పరిచయమున్న ప్రోగ్రాములలోనే 246 పనులను ఇచ్చి, కొన్నింటికి ఎ.ఐ.ని వాడనిచ్చి, కొన్నింటికి వాడనీయక కాలమును కొలిచిరి. వాడిన పనులకు 19 శాతము ఎక్కువ కాలము పట్టినది. మొదట వారు 24 శాతము కాలము కలిసివచ్చునని అంచనా వేసియుండిరి. అంతా ముగిసిన పిమ్మటగూడ 20 శాతము కలిసివచ్చినదనియే నమ్మియుండిరి! లెక్క కట్టకయే లాభము వచ్చినదని పండుగ చేసికొన్న వర్తకులను మేమెరుగుదుము. అయితే ఆ పరీక్ష పదునారుగురిదే, ఆనాటి పరికరములదే. పరికరములు నెలనెలకును మారుచున్నవి. దానినిబట్టి యంత్రము పనికిరాదని తీర్మానించినవాడు తొందరపడినవాడగును. మనవాడు దానినుండి తీసికొన్న నీతి వేరు. తనకు బాగుగా తెలిసినచోట ఆ పరికరము తనకు అడ్డము, తెలియనిచోట తోడు. కాని తెలియనిచోట అది చేసిన తప్పు తనకు కనబడదు.

ఈ మాట మాకు వెంటనే తలకెక్కుటకు కారణము మా గిడ్డంగి. గత సంవత్సరము మా దుకాణములోని కుర్రవాడొకడు ఎ.ఐ. నడిగి సరకు నిల్వలు లెక్కించు ప్రోగ్రామొకటి వ్రాయించినాడు. మూడు నెలలు చక్కగా నడిచినది. మేమును మెచ్చుకొంటిమి. నాలుగవ నెలలో పప్పు బస్తాలు 500 ఉన్నట్లు కాగితము వచ్చినది. మా దగ్గర ముప్పది యేండ్లుగా నున్న ముసలి గుమాస్తా దానిని ఒకసారి చూచి, "బాబూ, మన గిడ్డంగిలో నాలుగువందల యేబదికి మించి పట్టవు" అని ప్రక్కకు నెట్టినాడు. ఆ నెలలో పుచ్చుపట్టినవని 60 బస్తాలు అమ్మినవారికే వాపసు పంపియుంటిమి. తీసివేయవలసిన 60ని ప్రోగ్రాము కలిపినది. అసలు నిల్వ 380. గుమాస్తాకు కోడు తెలియదు, గిడ్డంగి తెలియును. కుర్రవానికి రెండును పూర్తిగా తెలియవు. అదియే చిక్కు.

ఇక అసలు విషయమునకు వచ్చెదము. తప్పును చూడగానే పట్టుకొను ఆ కన్ను మనవానికి ఎక్కడ వచ్చినదని అడిగితిమి. తొలి యుద్యోగములో ఆరు నెలలపాటు ఇతరులు విడిచిన తప్పులను వెదకి దిద్దుటయే తన పనియట. ఫిబ్రవరి 29వ తేదీని లెక్కలోనికి తీసికొనని ప్రోగ్రామొకటి వడ్డీ తప్పుగా కట్టుచుండగా, అది యెక్కడ తప్పుచున్నదో తెలియక రెండు రాత్రులు నిద్ర మానినాడట. ఆనాడు తిట్టుకొన్న పనియే తనకు గురువైనదని ఇప్పుడనుచున్నాడు. మన దేరా వీధి మగ్గములవద్ద తండ్రి ప్రక్కన కూర్చుండి తెగిన పోగులను అతుకుచు పెరిగిన పిల్లవాడే గదా పెద్దయై ఫొడా కుంభపు అంచు నేయునది! రంధ్రములు పొడిచిన అట్టలచే పూవులు నేయు మగ్గమును ఫ్రాన్సుదేశీయుడగు జకార్డు 1804లో నిర్మించినాడు. ఆ అట్టలే తరువాత లెక్కల యంత్రములకు ఆజ్ఞలిచ్చు సాధనములైనవి. పూవు ఎట్లుండవలెనో అట్టకు తెలియును. పోగు ఎందుకు తెగినదో నేతగానికే తెలియును.

అట్లయిన నేడు నీ క్రింద కొత్తవారెందరున్నారని అడిగితిమి. ఆతడు కొంతసేపు టీ గ్లాసువంక చూచినాడు. "రెండేళ్ల కిందట ఇద్దరుండేవారు మావయ్యగారూ. ఇప్పుడెవరూ లేరు. వాళ్లకిచ్చే పని దానికే ఇచ్చేస్తున్నాను. ఖర్చు తగ్గిందని పైవాళ్లు సంతోషంగా ఉన్నారు." నీకు తొలి మెట్టు వేసినవారిని జ్ఞాపకముంచుకొంటివా యని అడుగబోయి ఊరకుంటిమి. ఆతని ముఖమే ఆ ప్రశ్నను అప్పటికే విన్నట్లుండెను.

ఇది ఒక్కని కథ కాదు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 2025 ఆగస్టులో ప్రకటించిన పరిశీలననుబట్టి, అమెరికాలో 22 మొదలు 25 ఏండ్ల వయస్సుగల సాఫ్ట్‌వేరు పనివారి కొలువులు 2022 చివరినుండి 2025 జూలైనాటికి సుమారు 20 శాతము తగ్గినవి. పెద్దవయస్సువారివి నిలకడగానే యున్నవి. కరోనా కాలమున అవసరమునకు మించి చేర్చుకొనుటయు ఇందుకొక కారణమని వాదించువారు కలరు. ఆ వాదమును త్రోసిపుచ్చజాలము. మన దేశమున 2025 జూలైలో టి.సి.ఎస్.వారు తమ ఉద్యోగులలో సుమారు 2 శాతమును, అనగా 12,000 మందికి పైగా తగ్గింతుమని ప్రకటించిరి. అందు ముఖ్యముగా మధ్యస్థాయివారును పైస్థాయివారును ఉన్నారు. దీనికి ఎ.ఐ. కారణము కాదని ఆ సంస్థాధిపతి చెప్పినాడు. కారణమేదైనను, ఏండ్లు గడచినంత మాత్రమున అనుభవము కాదని దీనివలన తెలియుచున్నది. ఒకే సంవత్సరపు పనిని పదిసార్లు చేసినవానికి యంత్రమునకు మించి విలువ యేమున్నది?

కావున తండ్రులకు మేము చెప్పునది ఇది. పిల్లలను పంపుడు. కాని ఆరు వారములలో ఎ.ఐ. నేర్పి కొలువు చూపుదుమని గోడలపై అంటించిన ప్రకటనలకు డబ్బు కట్టకుడు. గణితమును, ప్రోగ్రామింగు మూలసూత్రములను చేతితో చేసి నేర్చుకొనని పిల్లవానికి ఆ పరికరము కఱ్ఱ కాదు, కుంటితనము. మొదటి యేడాది దానిని ముట్టనీయరాదని మా యభిప్రాయము. ఇక్కడ మనవాడు మాతో ఏకీభవింపలేదు. హింజిలికాటులోనో ఛత్రపురములోనో అడుగుటకు ఎవరునులేని పిల్లవానికి అర్ధరాత్రి విసుగులేక పదిసార్లు చెప్పు గురువు అది ఒక్కటియే యనియు, తెలుగున అడిగిన తెలుగుననే చెప్పుననియు అతడన్నాడు. ఆ మాటకు మావద్ద మంచి జవాబు లేదు. తెలుగు లిపి చదువగల పిల్లలు మన యిండ్లలో ఎందరు మిగిలియున్నారన్నది వేరొక వారము ఏడ్వవలసిన సంగతి.

ఇక హైదరాబాదు, బెంగుళూరులలో పైస్థాయికి చేరిన మనవారికి ఒక మాట. మీరు కొత్తవానిని చేర్చుకొనకుండుటవలన ఈ సంవత్సరము మీ సంస్థకు ఒక జీతము మిగులును. పదేండ్ల తరువాత యంత్రము చేసిన తప్పును పట్టువాడు మీకెక్కడ దొరకును? వర్తకులము గనుక అడుగుచున్నాము: విత్తనపు వడ్లను అమ్మి వచ్చిన సొమ్మును లాభమని ఏ ఖాతాలో వ్రాసికొందురు? 1936 తరువాత ఈ యూరి తెలుగు కుటుంబములు నిలిచియుండుట ఒకరి కొట్టులో ఒకరి పిల్లవానిని కూర్చుండబెట్టుకొని పని నేర్పుటవలననే యని మా పెద్దలు చెప్పుచుండెడివారు. పైవారిని అడిగి ఒక్క కొత్తవానినైనను మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. పని యంత్రము చేసినను సరియే. అది చేసినది తప్పో ఒప్పో వానిచేత చెప్పింపుడు.

ఆ సాయంకాలము లేచిపోవుటకు ముందు మనవాడొక మాట ఇచ్చినాడు. మే నెలలో రెండు వారములు సెలవు పెట్టుకొని వచ్చి, మన సంఘ భవనమున ప్లస్ టూ ముగించిన పదిమంది పిల్లలకు ఉచితముగా నేర్పును. ఉదయము కాగితముపైనను, ఎ.ఐ. లేని కంప్యూటరుపైనను. సాయంకాలము దానిని వాడవచ్చును గాని, అది వ్రాసిన ప్రతి పంక్తి యేమి చేయునో పిల్లవాడు నిలుచుండి చెప్పవలెను. తప్పులు వెదకుటకు మా గిడ్డంగి ప్రోగ్రామును ఇచ్చుచున్నాము; సిగ్గుపడవలసిన పని లేదు. సంఘమువద్ద నాలుగు కంప్యూటర్లు కలవు, ఇంకను ఆరు కావలెను. ఇంట వాడక పడియున్నవానిని ఇయ్యగలవారు కార్యదర్శిగారికి తెలుపుడు. పదిలో నాలుగు స్థానములు ఆడపిల్లలకు ఉంచబడినవి. పేర్లు మార్చి 31 లోగా చేరవలెను.

ఆతని జట్టులో కొత్తవాని స్థానమును గూర్చి పైవారిని అడిగి వ్రాయుదునని గూడ చెప్పి వెళ్లినాడు. ఇంకను జాబు రాలేదు. వచ్చినచో ఈ పుటలోనే ప్రకటింతుము.