సంతకం పెట్టించుకుంటే సరిపోతుందా?

2001లో బుష్ గారు పిండం నుంచి తీసే మూలకణాల పరిశోధనకి ఫెడరల్ నిధులు బిగించినప్పుడు, సైన్సుకి రాజకీయం అడ్డుపడుతోందని మనలో చాలామందిమి గోల పెట్టాం. ఇప్పుడు రాజకీయమే సైన్సుని దాటి పరిగెడుతోంది. 2025 జూలై 1 నుంచి ఫ్లోరిడాలో అమలైన చట్టం సంగతే చూడండి. ఎఫ్.డి.ఏ. ఆమోదం లేకపోయినా ఎముకలు, కీళ్ళ జబ్బులకి, నొప్పులకి, గాయాలకి డాక్టర్లు మూలకణాల వైద్యం చెయ్యవచ్చు. ఆమోదం లేదని ప్రకటనలో రాసి, రోగి చేత సంతకం పెట్టించుకోవాలి.

ఈ "గాయాలు" అన్న మాట దగ్గరే నా భయం. షుగరు లేని తెలుగు ఇల్లు అరుదు. రక్తనాళాలు మూసుకుపోయి కాలి పుండు మానని పెద్దాయనకి, కొత్త రక్తనాళాలు మొలిపిస్తామంటే ఆశ పుట్టదా?

ఆశకి ఆధారం లేకపోలేదు. రక్తంలో తిరిగే కొన్ని కణాలు కొత్త రక్తనాళాల్లో కలుస్తాయని 1997లో బోస్టన్‌లో అసహారా, ఇస్నర్ బృందం జంతువుల్లో చూపించింది. మనుషుల దగ్గరికొచ్చేసరికే చిక్కు. నెదర్లాండ్స్‌లో 160 మంది మీద చేసిన జువెంటాస్ పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. కొందరికి తమ ఎముక మజ్జ కణాల్నే కాలి రక్తనాళంలోకి ఎక్కించారు, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మందు. కాలు తీసెయ్యాల్సి రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నొప్పి మాత్రం రెండు గుంపుల్లోనూ తగ్గింది! అంచేత "మా మామయ్యకి తగ్గిందండీ" అని ఎవరైనా చెబితే నేను కాదనను, కణాల వల్లే తగ్గిందంటే మాత్రం ఒప్పుకోను.

ఇండియాలో ఇస్తున్నారుగా అంటారు. నిజమే, బెంగుళూరు స్టెమ్‌ప్యూటిక్స్ వారి మందుకి అక్కడ అనుమతి ఉంది. వాళ్ళు రోగుల మీద పరీక్షలు చేసి, ఫలితాలు ప్రభుత్వం ముందు పెట్టి తెచ్చుకున్నారు. ఇక్కడ అడుగుతున్నదీ అదే.

పోయేది డబ్బొక్కటే అయితే నేనింత రాయను. రక్తం అందని కాలికి స్టెంటో బైపాసో వెంటనే కావాల్సి రావచ్చు. ఇంజక్షన్ పనిచేస్తుందేమోనని చూస్తూ కూర్చున్న వారాల్లో కాలు పోవచ్చు. కాలికి రక్తం ఎంత అందుతోందో చీలమండ దగ్గర బీపీ చూసి చెప్పే తేలికైన పరీక్ష ఉంది, ముందు అది చేయించండి.

మీ రాష్ట్రంలో ఇలాంటి బిల్లు వస్తే మీ ప్రతినిధికి ఫోన్ చెయ్యండి. మన డాక్టర్లు సాక్ష్యం చెప్పడానికి వెళ్ళాలి. వేదికల మీద శాలువాలు కప్పించుకోవడానికి దొరికే తీరిక దీనికీ దొరుకుతుంది.