ఎవరి ఓడలో ప్రయాణం?

‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అనే బిరుదు మన సభల్లో శాలువా కన్నా చవకైపోయింది. బొమ్మలు వేస్తాడు, పద్యాలు రాస్తాడు, విగ్రహాలు చెక్కుతాడు, దేశాలు తిరిగాడు. ఇంకేం కావాలి, మహాకళాకారుడే! ఎన్ని కళలు, ఎన్ని దేశాలు అని లెక్క కట్టటమే విమర్శ ఐ కూర్చుంది. ఎందుకు వెళ్ళాడు, ఎవరి అండతో వెళ్ళాడు, అక్కడి మనుషుల దగ్గర ఏం తీసుకుని ఏం యిచ్చాడు అని అడిగితే మటుకు, కళలోకి రాజకీయాలు తెస్తున్నారని మొహం చిట్లిస్తారు. రాజకీయాలు మనం తేనక్కరలేదు. అవి ఓడ టిక్కెట్టులోనే వున్నాయి.

సంచార కళాకారుల్లో అందరూ ముందు చెప్పే పేరు పాల్ గోగాన్ (1848–1903). చిత్రకారుడు, శిల్పి, మట్టిపాత్రలు చేసినవాడు, చెక్కమీద బొమ్మలు చెక్కి అచ్చువేసినవాడు, రచయిత. పసితనం పెరూలో, యవ్వనం ఓడల మీద, ఆ తర్వాత పారిస్‌లో షేర్ల వ్యాపారం. 1882లో అక్కడి షేర్ల మార్కెట్టు కూలిన తర్వాత కళనే వృత్తి చేసుకున్నాడు. 1887లో పనామా, మార్టినిక్, 1891లో తాహితి, 1901లో మార్కెసాస్ దీవులు. అక్కడే చనిపోయాడు. నాగరికత మీద తిరగబడి ప్రకృతి ఒడిలోకి పారిపోయిన వీరుడని ఆయన భక్తులంటారు.

పారిపోయేవాడికి ప్రభుత్వం ఓడ ఛార్జీ తగ్గిస్తుందా? తాహితి 1842 నుంచి ఫ్రాన్సు రక్షణ కింద, 1880 నుంచి దాని వలసగా వుంది. అక్కడి ఆచారాలూ ప్రకృతీ చిత్రించటానికని ఫ్రెంచి ప్రభుత్వం నుంచి అధికార పత్రం తీసుకుని, తగ్గింపు ధరకు టిక్కెట్టు కొనుక్కుని గోగాన్ ఓడ ఎక్కాడు. దిగేసరికి పపీటె పట్టణంలో అధికారులు, వర్తకులు, మిషనరీలు వున్నారు. స్త్రీలు మిషనరీలు నేర్పిన పొడుగాటి గౌనుల్లో వున్నారు. కొద్ది రోజులకే అక్కడి చివరి రాజు పొమారే కూడా చనిపోయాడు. కళాకారుడికి ఆశాభంగం కలిగింది. ఐతే ఆయన కళ్ళముందున్న దాన్ని గీయలేదు. లేని స్వర్గాన్ని గీశాడు. పాత దేవతల కథలు జనం నోట విన్నట్టు రాసినా, వాటిలో చాలా భాగం మోరెన్హౌట్ అనే యూరోపియను 1837లో అచ్చువేసిన పుస్తకంలోవి. యూరపులో భార్యా అయిదుగురు పిల్లలూ వుండగా, పదమూడేళ్ళదని తనే రాసుకున్న పిల్లను ‘భార్య’గా తెచ్చుకున్నాడు. బొమ్మల్ని 1893లో పారిస్‌లో ప్రదర్శనకు పెట్టాడు.

మనిషి వేరు, కళ వేరు అంటారు. ఆయన రంగుల బలాన్ని నేను కాదనను. చివరి రోజుల్లో దీవివాసులను పన్నులు కట్టవద్దన్నాడు. ఒక పోలీసును నిందించినందుకు 1903లో మూడునెలల జైలూ, 500 ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. అది కూడా ఆయన ఖాతాలో రాయవలసిందే. కాని నా అభ్యంతరం ఆయన శీలం మీద మాత్రమే కాదు. వలసపాలన కింద నలుగుతున్న జనాన్ని, ఏ బాధా యెరగని ఆదిమానవులుగా చూపటం ఆ బొమ్మల వస్తువు. అబద్ధం మనిషిలోనే కాదు, కళలోనూ వుంది.

మరో ప్రయాణం వుంది. దానికి ఓడ అక్కరలేదు. 1943 నవంబరులో చిత్తప్రసాద్ (1915–78) బెంగాలులోని మిద్నపూర్ జిల్లాలో కాలినడకన తిరిగాడు. అంతకు యేడాది ముందు అక్కడ తుపాను వచ్చింది. ఆపైన యుద్ధకాలపు ధరలు, దొంగనిల్వలు, దొరల నిర్లక్ష్యం కలిసి బెంగాలులో 20 నుంచి 30 లక్షల మందిని పొట్టన పెట్టుకున్నాయి. ఆయన గీసింది శవాలగుట్టను కాదు, మనుషుల్ని: ఫలానా ఊరు, ఫలానా పేరు, ఏం పోగొట్టుకున్నాడు. బొమ్మలకు తన రాత జోడించి ‘హంగ్రీ బెంగాల్’ వేస్తే, బ్రిటిషు ప్రభుత్వం 5,000 ప్రతులు పట్టుకుని తగలబెట్టింది. కుటుంబం దాచిన ప్రతి నుంచి 2011లో మళ్ళీ అచ్చయింది. గోగాన్ తాహితిలో 1892లో వేసిన ఒక బొమ్మ 2014లో సుమారు 21 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. పాలకులు ఏ పుస్తకానికి భయపడ్డారో, ఏ బొమ్మను ముచ్చటపడి కొనుక్కున్నారో పక్కపక్కన పెట్టి చూడండి.

చిత్తప్రసాదూ ఒక్క కళతో ఆగలేదు. పోస్టర్లు వేశాడు, పాటలు రాశాడు, ప్రజానాట్యమండలికి నగారా మోగించేవాడి గుర్తు గీశాడు, పిల్లలకోసం తోలుబొమ్మలాంటి ఆటబొమ్మలు చేసి ఆడించాడు. చదువురానివాడికి బొమ్మ కావాలి. ఒక బొమ్మ వెయ్యిమందికి చేరాలంటే చవకగా అచ్చయ్యే లినోలియం చెక్కడం కావాలి. అన్ని కళలూ ఆయనకు అవసరం నేర్పినవి. బహుముఖత్వం అంటే యిదీ.

ఇక మన సంగతి. 1940ల చివర్లో ఆయన పార్టీకి దూరమయ్యాడు. బొంబాయి అంధేరీలో పేదరికంలోనే బతికాడు. బొమ్మలు మన గోడలమీద వేలాడాయి. గీసిన చెయ్యి ఏం తిని బతుకుతున్నదో మనలో ఎందరు అడిగారు? గోగాన్ భక్తుల్ని తిట్టినంత మాత్రాన యీ బాకీ తీరదు.

సెలవుల్లో కెమెరాలూ స్కెచ్చి పుస్తకాలూ పట్టుకుని మన్యానికి ‘అనుభవం’ కోసం బయల్దేరే విద్యార్థులను చూస్తుంటాను. వెళ్ళండి, వెళ్ళొద్దనను. కాని ఏ ఊరివాళ్ళ బొమ్మ గీశారో ఆ ఊరికి దాన్ని తీసుకెళ్ళి చూపించండి. వాళ్ళు అందులో తమను గుర్తుపట్టారో లేదో అడిగి, ఆ తర్వాత ప్రదర్శన పెట్టండి.