స్కాచ్‌కి మడి కట్టిందెవరు?

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్.. ఈ మూడింట్లో ఏ ఐటీ మిత్రుడి ఇంటికి శనివారం సాయంత్రం వెళ్ళినా ఒక ఉపన్యాసం తప్పదు. "సింగిల్ మాల్ట్‌లో ఏమీ కలపకూడదు బాసూ, పాపం" అని. చెప్పేవాడు ఒకప్పుడు రమ్ములో థమ్సప్ పోసుకుని మిర్చి బజ్జీ నంజుకున్నవాడే. ఆన్‌సైట్‌కి రెండుసార్లు వెళ్ళాడు, వస్తూ వస్తూ డ్యూటీ ఫ్రీలో పన్నెండేళ్ళ సీసా తెచ్చాడు, అంతే, వైదికుడైపోయాడు. చెంచాడు నీళ్ళయితే ఫరవాలేదట. ఐస్ వేస్తే అపచారమట. తేనె, అల్లం, నిమ్మకాయ అన్నామో, ఇంక మన మొహం చూడడు. "అవి ఆడాళ్ళ డ్రింకులు" అని ఒక చచ్చు మాట కూడా పారేస్తాడు.

ఈ మడి కట్టింది స్కాట్లండు వాళ్ళు మాత్రం కాదు. 2009 నాటి వాళ్ళ స్కాచ్ విస్కీ నిబంధనలు మనకొచ్చే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ల కంటే శుభ్రంగా ఉంటాయి. స్కాట్లండులోనే కాచాలి, అక్కడే ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్ళు మగ్గాలి, సీసాలో ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు, నీళ్ళూ రంగు కోసం కారమెలూ తప్ప ఇంకేమీ కలపకూడదు. ఈ 'కలపకూడదు' తయారుచేసేవాడికి! మీ గ్లాసులో మీరేం కలుపుకుంటారన్నది ఆ చట్టానికి అక్కర్లేని సంగతి.

పైగా విస్కీలో వేడినీళ్ళు, తీపి, లవంగాలు వేసుకు తాగడం స్కాట్లండులో కొత్తేమీ కాదు. 18వ శతాబ్దం నుంచీ ఉంది. దాని పేరు టాడీ. ఆ మాట ఎక్కడిదో తెలుసా? మన తాటికల్లుకి హిందీలో ఉన్న 'తాడీ'యే. తెల్లవాడు ఇక్కడ విని, ఓడెక్కించి తీసుకుపోయి, తన వేడి విస్కీకి పెట్టుకున్నాడు. ఇక్కడ కల్లు కాంపౌండు ముందునుంచి వెళ్తూ కారు అద్దాలు ఎత్తేసే వాళ్ళే, ఏ స్టార్ హోటల్లోనో 'హాట్ టాడీ'కి వెయ్యి రూపాయలు సంతోషంగా సమర్పించుకుంటారు :)

సరే, ఇది ఒక జాతి. రెండో జాతి అమెరికా నుంచి తిరిగొచ్చిన వాళ్ళు. అక్టోబరు రాగానే వీళ్ళకి 'ఫాల్ కాక్‌టెయిల్స్' గుర్తొస్తాయి. ఆపిల్ సైడరు, మేపుల్ సిరప్పు, గుమ్మడికాయ మసాలా. న్యూజెర్సీలో అది సబబే. అక్కడ ఆ నెలలో ఆపిల్స్ దిగుతాయి, ఆకులు రాలతాయి, చలి మొదలవుతుంది. హైదరాబాదులో ఏ ఆకు రాలిందండీ? మనకి శరత్తు అంటే ఆకులు రాలడం కాదు, తంగేడు పూయడం. వానలు వెనకబడతాయి, బతుకమ్మలు పేరుస్తారు, రోడ్ల పక్కన బుట్టల్లో సీతాఫలాలు వస్తాయి, ఆ వెనకే నాగపూరు కమలాలు, కార్తీకానికి ఉసిరికాయలు. ఇదంతా వదిలేసి, ఆరు వందలు పెట్టి మేపుల్ సిరప్పు కొనడం ఎలా ఉందంటే, ఎక్కడిదో కోడు తెచ్చి ఏం చేస్తుందో చదవకుండా అతికించినట్టుంది. ఇంకా తమాషా ఏమిటంటే ఆ గుమ్మడికాయ మసాలాలో గుమ్మడికాయ ఉండదు. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం. అది మీ అమ్మగారి పోపుల డబ్బా పక్కనే ఉంది, చూసుకోండి.

ఇంతకీ నేను చేసేది చెప్తాను. 2005లో న్యూయార్కులో సామ్ రాస్ అనే బార్‌టెండరు 'పెన్సిలిన్' అని ఒకటి కనిపెట్టాడు. బ్లెండెడ్ స్కాచ్, నిమ్మరసం, తేనె, అల్లం, పైన కొద్దిగా పొగవాసన ఉండే ఐలా విస్కీ. మన ఇంట్లో జలుబు చేస్తే ఇచ్చే కషాయానికీ దీనికీ తేడా విస్కీ ఒక్కటే. దాన్నే మన కాలానికి కాస్త తిప్పుకున్నాను. అల్లం దంచి, సగం తేనె సగం వేడినీళ్ళలో పావుగంట వదిలేసి వడకట్టండి (తేనె అలాగే చల్లటి దాంట్లో వేస్తే అడుగున ముద్ద కడుతుంది). ఆ పాకం 15 మిల్లీలీటర్లు, స్కాచ్ 45, అప్పుడే పిండిన కమలారసం 30, నిమ్మరసం 15. షేకరు లేదా? అటకమీద మరచెంబు లేదూ! ఐస్ వేసి మూత బిగించి, చెయ్యి జివ్వుమనేదాకా ఊపండి. టీ వడపోతలోంచి గ్లాసులోకి. పైన రెండు మిరియాలు దంచి చల్లండి. సీతాఫలం జోలికి మాత్రం పోకండి. గింజలు తీసేసరికి అరగంట, విస్కీ ముందు దాని రుచి నిలవదు. దాన్ని చేత్తో విప్పి తినడమే మర్యాద.

దీనికి పద్దెనిమిదేళ్ళ సీసా అక్కర్లేదు. పీపాల్లో తెచ్చి ఇక్కడ సీసాల్లో నింపే టీచర్స్, బ్లాక్ డాగ్ లాంటివి చాలు. అవి కూడా స్కాచే, చట్టం ఒప్పుకున్న స్కాచే. లేబులు మీద అంకె పెరిగినకొద్దీ గౌరవం పెరుగుతుందనుకోవడం, ఎక్స్‌పీరియన్సు ఏళ్ళని బట్టి ప్రోగ్రామర్ని తూచడం లాంటిదే. 2025 జూలైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం విస్కీ మీద 150 శాతం దిగుమతి సుంకం ముందు 75కి, పదేళ్ళకి 40కి దిగాలి. ఆ వార్తకి మా వాట్సప్ గ్రూపులో జరిగిన సంబరం, అప్రైజల్సు వచ్చినప్పుడు కూడా చూళ్ళేదు. రాష్ట్రం వేసే పన్ను వేరే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే విషయానికొస్తాను. 'ఏమీ కలపకూడదు' అనే వాళ్ళు తాగుడుని రౌండ్లలో లెక్కపెడతారు. పోసేవాడు ఇంటాయన, ఎంత పోశాడో దేవుడికెరుక, "ఒక్క రౌండు కాదంటావేరా" అని పక్కవాడు. బ్రిటన్‌లో ఆరోగ్యశాఖ వారానికి 14 యూనిట్లు దాటొద్దంటుంది. ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు. మన దగ్గర దొరికే 42.8 శాతం స్కాచ్‌లో 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గు అంటే రెండున్నర యూనిట్లు. 375 మిల్లీలీటర్ల హాఫ్ బాటిల్ 16. అంటే శనివారం ఒక్క రాత్రి హాఫ్ లాగించిన మన 'స్వచ్ఛ' విస్కీ ప్రియుడు వారం కోటా దాటేశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థయితే 2023లో అసలు సురక్షితమైన మోతాదే లేదని తేల్చేసింది. నేను కలిపే గ్లాసులో రెండు యూనిట్లకి కాస్త తక్కువ ఉంటుంది. కలపడానికి పది నిమిషాలు పడుతుంది, కాబట్టి మూడోది అడగడానికి అతిథికే మొహమాటం. తీపి వల్ల తెలియకుండా ఎక్కువ తాగేస్తారు అంటారా? నిజమే, అందుకే కొలత గ్లాసు లేకుండా మొదలెట్టొద్దంటాను.

మా పాత టీములో ఒక కుర్రాడు ఇలాంటి రౌండ్ల పార్టీ నుంచే బండి మీద బయల్దేరాడు. రోడ్ నెంబరు 36లో డివైడరుని కొట్టాడు. బతికాడు, ఎడమకాలు కుంటుతాడు. రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే నేరమని చట్టం, మొదటిసారికే పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ఆ రాత్రి ఇంటాయన గేటు దాకా వచ్చి "జాగ్రత్త తమ్ముడూ" అన్నాట్ట. క్యాబ్ మాత్రం పిలవలేదు.

'ఆడాళ్ళ డ్రింకు' అని నవ్వేవాళ్ళకి ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డది ఆడవాళ్ళే. ఆ ఊపులోనే 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. మగవాడి గ్లాసుకి డబ్బు ఎవరి పొదుపులోంచి వచ్చేదో, దెబ్బలు ఎవరి వీపుకి తగిలేవో వాళ్ళకి తెలుసు. మా ఇంట్లో నిమ్మకాయలు పిండేది నేనే, మా ఆవిడ తాగదు. ఆవిడ గ్లాసులో స్కాచ్ బదులు సోడా. బయటివాడికి రెండు గ్లాసుల తేడా తెలియదు, ఎందుకు తాగవని అడిగేవాడూ లేడు.

ఇంతకీ ఆ డ్యూటీ ఫ్రీ సీసా ఏం చెయ్యాలంటారా? అది పొగవాసన వేసేదైతే, అన్నీ కలిపి వడకట్టాక పైన ఒక చెంచా. అంతకు మించి పోస్తే అల్లం రుచి చచ్చిపోతుంది.