వాళ్ళది వారసత్వం, మనది కేసు

పన్నెండేళ్ళు పీపాలో మగ్గిన ఐరిష్ పాట్ స్టిల్ విస్కీని నలుగురు మిత్రులు కూర్చుని రుచి చూస్తారు. ముందు వాసన పీలుస్తారు, తర్వాత చిన్న గుక్క. ఎండుపళ్ళ రుచి అంటారొకరు, మసాలా ఘాటు అంటారొకరు. అది ఐర్లండ్ సంస్కృతి అని మెచ్చుకుంటారు. మెచ్చుకోనిద్దాం. కానీ ఆ ఘాటు ఎక్కడిది?

1785లో అక్కడ మొలకెత్తించిన బార్లీపై పన్ను పడింది. పన్ను తగ్గించుకోవడానికి బట్టీలవాళ్ళు మొలకెత్తని పచ్చి బార్లీ ఎక్కువ కలిపారు. ఆ పచ్చి గింజ ఘాటే ఇవాళ వారసత్వమైంది. ఒకప్పుడు దొంగచాటుగా కాచిన పొటీన్ అనే నాటుసారాకు కూడా 1997లో అక్కడ అమ్మకపు అనుమతి వచ్చింది.

మరి మన సంగతి? కల్లు గీతపై చిగురుపన్ను వేస్తే 1879లో రంప మన్యం తిరగబడింది. దానికి దొరల రాతల్లో దక్కిన పేరు పితూరీ. మన దేవతలకు ధార పోసే ఇప్పసారా నేటికీ చాలాచోట్ల ఎక్సైజ్ కేసే. గూడెంలో కుండ పగులుతుంది, పట్నంలో బారు వెలుగుతుంది.

తాగమని మనం అనడం లేదు. తాగుడు కూల్చిన ఇళ్ళు మన గూడేల్లోనే ఉన్నాయి. అయితే మత్తును నిషేధించాలా, అదుపు చేయాలా అని తేల్చే అధికారం గ్రామసభకు ఉండాలని 1996 నాటి పెసా చట్టమే చెప్పింది. ఉపాధ్యాయులు ఆ మాట బడిలో చెప్పాలి. యువత గ్రామసభలో కూర్చోవాలి. మన కుండపై తీర్పు మనమే చెప్పాలి.