కింద ఎవరు చూస్తారట!

బొమ్మ రైలింజను కిట్లు బిగించే మిత్రులది ఒకటే వాదన: బాయిలరూ, పొగగొట్టమూ బాగుంటే చాలట, చక్రాల మధ్య ఫ్రేములు ఎవడు చూస్తాడట! నేనొప్పుకోను.

మన మాచర్ల, నరసరావుపేట లైన్లు 1990లలో బ్రాడ్‌గేజి అయ్యేదాకా మీటర్‌గేజివే. 1:87 స్కేల్లో 1000 మి.మీ. అంటే 11.5. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. అంటే అసలు కొలతలో 1435! ఆ చట్రం మీద మీటర్‌గేజి ఇంజను బాడీ తగిలించి "ఇదే మన మాచర్ల బండి" అంటే ఎలాగండీ? ఫ్రేములు దగ్గరగా బిగించండి, స్ప్రింగులూ బ్రేకు కడ్డీలూ పెట్టండి.

ఆ బండి నేనెక్కలేదు, మా నాన్న ఎక్కాడు. బొమ్మ చేతికిస్తే ఆయన ముందు వంగి చూసింది చక్రాలకేసే. పట్టాలెలాగూ పోయాయి, కనీసం కొలతలన్నా మిగలనివ్వండి.