పెళ్లి పందిరి సరే, పెళ్లి కాగితం ఏది?

ఒకప్పుడు మన ఇళ్లలో పెళ్లి అంటే వీధిలో షామియానా వేయించడం, వంటవాళ్లను మాట్లాడుకోవడం, ఖాజీ సాహెబ్‌కు కబురు పెట్టడం. నేడు గుంటూరు, కర్నూలు, కడప, హైదరాబాద్ కుటుంబాల పిల్లలు లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో, షికాగోలో స్థిరపడుతున్నారు. కొందరి పెళ్లిళ్లు కూడా అక్కడే జరుగుతున్నాయి. పిల్లలకు ఉద్యోగాల్లో సెలవు దొరకదు, వారి స్నేహితులంతా అక్కడే ఉంటారు. అందుకని తల్లిదండ్రులే ఇక్కడి నుండి విమానమెక్కి వెళుతున్నారు. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు.

ఆ పెళ్లి ఏర్పాట్లు మాత్రం ఏడాది ముందే మొదలవుతాయి. పెళ్లికూతురి ఖడా దుపట్టా హైదరాబాద్‌లోనే కుట్టించాలి. ఆరు గజాల ఆ దుపట్టా మీది జర్దోజీ పని నలగకుండా మెత్తని గుడ్డలో చుట్టి సూట్‌కేసులో సర్దడమే ఒక పెద్ద పని. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు కొనాలి. సత్‌లడా, కరన్‌ఫూల్, ఝూమర్ సిద్ధం చేయించాలి. పెళ్లికొడుకు షేర్వానీకి కొలతలు ఫోనులో తెప్పించుకోవాలి. మాంఝాకు పసుపు రంగు, మెహిందీకి ఆకుపచ్చ, నికాహ్‌కు ఎరుపు, వలీమాకు మరో రంగు. ఇక్కడ మరచిపోయినవి ఏమైనా ఉంటే లండన్‌లోని సౌతాల్‌లోనో, గ్రీన్ స్ట్రీట్‌లోనో దొరుకుతాయి. ఇక హాలులో పూలగోడ, దీపాలు, దుల్హా దుల్హన్ కూర్చునే సోఫా, చివరకు కుర్చీల కవర్ల రంగు కూడా శుభలేఖ రంగుతో కలవాలట!

మొన్న ఒక తండ్రి, ఇంగ్లాండ్‌లో జరగబోయే తన కుమార్తె పెళ్లి ఏర్పాట్లు రాసుకున్న నోటుపుస్తకాన్ని మాకు చూపించారు. బట్టలకు పది పేజీలు, నగలకు నాలుగు, భోజనాలకు మూడు, అలంకరణకు రెండు. ఆఖరి పేజీలో ఒకే ఒక్క వరుస: నికాహ్ గురించి మౌలానా గారితో మాట్లాడాలి. “మరి రిజిస్ట్రేషన్ సంగతేమిటి భాయ్?” అని అడిగాము. “అది పెళ్లయ్యాక నిదానంగా చూసుకుందామని అబ్బాయి అన్నాడు” అని ఆయన అమాయకంగా జవాబిచ్చారు. ఆ జవాబే మా చేత ఈ వ్యాసం రాయిస్తోంది.

మన దేశంలో ఖాజీ నికాహ్ చదివించి, సాక్షులు సంతకాలు చేస్తే అది షరీఅత్ దృష్టిలోనూ, చట్టం దృష్టిలోనూ పెళ్లే. తరతరాలుగా మనకు ఇదే అలవాటు. అందుకే ఇంగ్లాండ్‌లోనూ ఇంతే అనుకుంటున్నాము. కాని అక్కడి చట్టం వేరు. ఇంగ్లాండ్, వేల్స్‌లలో 1949 నాటి వివాహ చట్టం ప్రకారం పెళ్లికి ముందుగా రిజిస్టర్ ఆఫీసులో నోటీసు ఇవ్వాలి. పెళ్లిళ్ల కోసం రిజిస్టరయిన మసీదులో, అధికారం ఉన్న వ్యక్తి ఎదుట నికాహ్ జరగాలి. లేదంటే చట్టరీత్యా పెళ్లిని విడిగా జరుపుకోవాలి. ఈ రెండూ లేకుండా ఏ హోటల్లోనో, ఫంక్షన్ హాల్లోనో వేయిమంది ఎదుట నికాహ్ చదివించినా అక్కడి ప్రభుత్వం లెక్కలో ఆ ఇద్దరూ అవివాహితులే.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. మన దేశంలో చట్టప్రకారం జరిగిన నికాహ్‌ను ఇంగ్లాండ్ కోర్టులు పెళ్లిగానే గుర్తిస్తాయి. అదే నికాహ్ నోటీసు లేకుండా లండన్ హాల్లో జరిగితే గుర్తించవు. అంటే గుంటూరులో షామియానా కింద పెళ్లి చేసుకుని వెళ్లిన అమ్మాయికి ఉన్న రక్షణ, లక్షలు పోసి లండన్‌లో పెళ్లి చేసుకున్న ఆమె చెల్లెలికి లేకుండా పోవచ్చు.

ఇది కేవలం ఊహ కాదు. 1998లో సౌతాల్‌లోని ఒక రెస్టారెంటులో, సుమారు 150 మంది అతిథుల సమక్షంలో, ఇమామ్ చేతుల మీదుగా ఒక నికాహ్ జరిగింది. చట్టరీత్యా పెళ్లి కూడా జరిపించుకుందామని భార్య అడుగుతూ వచ్చింది. భర్త ఒప్పుకోలేదు. నలుగురు పిల్లలు పుట్టారు. 2016లో దంపతులు విడిపోయారు. భార్య విడాకుల కోసం కోర్టుకు వెళితే, అసలు చట్టం దృష్టిలో పెళ్లే జరగలేదని భర్త వాదించాడు. 2018లో హైకోర్టు జడ్జి ఆ పెళ్లిని చెల్లని వివాహంగా పరిగణించి, దాని రద్దు ద్వారా ఆమెకు కొంత హక్కు దక్కే దారి చూపారు. కాని 2020 ఫిబ్రవరి 14న అప్పీలు కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. అది చెల్లని వివాహం కూడా కాదని, చట్టం లెక్కలోకే రాని వేడుక అని తేల్చింది. పద్దెనిమిదేళ్ల కాపురం ఒక్క కాగితం లేక వేడుకగా మిగిలిపోయింది!

అలాంటి స్త్రీకి పిల్లల పోషణ ఖర్చు అడిగే వీలుంటుంది. కాని భార్య హోదాలో భర్త ఆస్తిలో, పెన్షన్‌లో వాటా కోరలేదు. భర్త వీలునామా రాయకుండా మరణిస్తే భార్యగా వారసత్వం రాదు. ఇలాంటి వారు ఎక్కడో ఒకరిద్దరు ఉంటారని అనుకోకండి. 2017లో బ్రిటన్‌లోని ఛానల్ 4 టెలివిజన్ 900 మందికి పైగా ముస్లిం మహిళలతో మాట్లాడి ఒక సర్వే చేసింది. అక్కడ నికాహ్ జరిగిన ప్రతి పదిమందిలో సుమారు ఆరుగురికి చట్టరీత్యా పెళ్లి జరగలేదని తేలింది. 2018లో ప్రభుత్వం నియమించిన కమిటీ కూడా నికాహ్‌కు ముందో, నికాహ్‌తో పాటో చట్టరీత్యా పెళ్లి జరగాలని సిఫార్సు చేసింది.

కనుక అక్కడ పెళ్లి తలపెట్టినవారు హాలు బుక్ చేసే ముందే కొన్ని సంగతులు తెలుసుకోవాలి. వధూవరులిద్దరూ స్వయంగా వెళ్లి నోటీసు ఇవ్వాలి. నోటీసు తర్వాత 28 రోజులు ఆగాలి. ఇద్దరిలో ఒకరు పరదేశీయులైతే ఆ గడువు 70 రోజుల వరకు పెరగవచ్చు. మామూలు విజిటర్ వీసా మీద వెళ్లి పెళ్లి నోటీసు ఇవ్వడానికి వీలులేదు. దానికి వేరే వీసా ఉంది. ఇద్దరికీ 18 ఏళ్లు నిండాలి. 2023 ఫిబ్రవరి నుండి తల్లిదండ్రుల అనుమతి ఉన్నా అంతకంటే చిన్నవారికి పెళ్లి కుదరదు. అన్నట్టు, 2021 మే నుండి అక్కడి పెళ్లి పత్రంలో తండ్రి పేరుతో పాటు తల్లి పేరు కూడా రాస్తున్నారు. తల్లులు సంతోషించవలసిన మాట!

అమెరికాలో ఈ పని ఇంకా తేలిక. కౌంటీ క్లర్క్ దగ్గర ముందుగా లైసెన్సు తీసుకుంటే, ఇమామ్ చదివించే నికాహే చట్టరీత్యా పెళ్లి అవుతుంది. షికాగో ఉన్న కుక్ కౌంటీలో ఆ లైసెన్సు తీసుకున్న మరునాటి నుండి 60 రోజులు చెల్లుతుంది. నికాహ్ తర్వాత ఇమామ్ దాని మీద సంతకం చేసి 10 రోజుల్లోగా తిరిగి పంపాలి. ఇంత చిన్న పనిని పూల బేరంలో పడి మరచిపోతే ఎవరిని అనాలి?

“అల్లాహ్ సాక్షిగా పెళ్లి జరిగాక సర్కారు కాగితం ఎందుకు?” అని కొందరు వాదిస్తుంటారు. నికాహ్ సంపూర్ణమైన నికాహే, అందులో మాకు సందేహం లేదు. వధూవరుల అంగీకారం, సాక్షులు, మహర్ ఉన్న నికాహ్‌కు కోర్టు ముద్ర వల్ల పవిత్రత రాదు. కాని గడువు పెట్టుకున్న అప్పును రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని దివ్యఖుర్ఆన్ రెండవ సూరాలో ఎంతో వివరంగా ఆదేశించింది. ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయత్ అదే. పదిమంది మధ్య తీసుకున్న అప్పుకే రాతకోతలు కావాలంటే, నాలుగవ సూరా గట్టి ఒడంబడికగా పేర్కొన్న దాంపత్యానికి రాతకోతలు అక్కరలేదా? ఒడంబడికను నిలబెట్టుకోవాలనుకునే అబ్బాయికి దాన్ని రాసి ఇవ్వడానికి అభ్యంతరం ఏముంటుంది? నిదానంగా చూసుకుందాం అన్న మాట వినగానే అమ్మాయి తండ్రి జాగ్రత్తపడాలి.

మహర్ సంగతి కూడా ఇంతే. లక్షల రూపాయల అలంకరణ కింద కూర్చుని మహర్ దగ్గరకు వచ్చేసరికి “ఏదో ఒకటి రాయండి” అనే పెద్దలను మనం చూస్తూనే ఉన్నాము. మహర్ ఆచారం కోసం రాసే అంకె కాదు. అది భార్య హక్కు. దాన్ని సంతోషంగా చెల్లించమని ఖుర్ఆన్ ఆజ్ఞ. ఎంత, ఎప్పుడు, వెంటనే ఎంత, తర్వాత ఎంత అనేది స్పష్టంగా రాయించాలి. భారతదేశంలో ముస్లిం పద్ధతిలో పెళ్లయిన ఒక స్త్రీకి ఒప్పందంలో రాసిన మహర్‌ను అడిగే హక్కు ఉందని ఇంగ్లాండ్ హైకోర్టు అంగీకరించిన తీర్పు 1965 నాటి లా రిపోర్టుల్లోనే ఉంది. రాసి ఉన్న మాటకు పరాయి దేశంలోనూ విలువ ఉంటుంది.

ఇదంతా చదివి మేము అలంకరణలకు వ్యతిరేకులమని అనుకోవద్దు. నికాహ్‌ను నలుగురికీ తెలిసేలా చేయమన్న ధర్మం మనది. పెళ్లిళ్లలో దఫ్ వాయించడాన్ని దైవప్రవక్త (స) అనుమతించారు. పరాయి గడ్డ మీద పుట్టిన మన మనుమరాలు ఖడా దుపట్టా కట్టుకుని, లక్క గాజులు వేసుకుని కూర్చుంటే నానీ కళ్లు చెమర్చవా? ఆ బట్టలో మన ఊరు ఉంది, మన భాష ఉంది. దాన్ని వద్దనడానికి మేమెవరం? కాకపోతే హద్దు ఉండాలి. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి పెళ్లయిందని తెలిసినప్పుడు, ఒక్క గొర్రెతోనైనా సరే వలీమా ఇవ్వమన్నారు దైవప్రవక్త (స). ధనికులను పిలిచి పేదలను వదిలేసే వలీమా భోజనాన్ని చెడ్డ భోజనంగా పేర్కొన్నారు. పూలగోడకు పోసే డబ్బులో కొంత తగ్గించి, అక్కడి మసీదుకు చదువుకోసం వచ్చి ఒంటరిగా ఉంటున్న మన తెలుగు పిల్లలను వలీమాకు పిలిస్తే ఆ హాలుకు అంతకన్నా అలంకారం ఏముంటుంది?

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. నోటుపుస్తకంలో మొదటి పేజీని చట్టరీత్యా పెళ్లికి, రెండవ పేజీని మహర్‌కు కేటాయించండి. మూడవ పేజీ నుండి మీ ఇష్టం. గజాలు లెక్కపెట్టండి, గాజులు లెక్కపెట్టండి, పూలు లెక్కపెట్టండి. పూలు మరునాటికి వాడిపోతాయి. దుపట్టా పెట్టెలోకి చేరుతుంది. కష్టకాలంలో మీ బిడ్డ చేతిలో మిగిలేది ఆ మొదటి రెండు పేజీలే. మన బిడ్డల కాపురాలను అల్లాహ్ చల్లగా ఉంచుగాక! ఆమీన్.